రైడ్‌కు ఏ యాడాన్ ఉంచాలి, ఏది తీసెయ్యాలి: డీబీఎం నుంచి డీటెయిల్స్ దాకా

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో రైడ్‌లకు (గుంపుగా కలిసి బాస్ అనే పెద్ద శత్రువులను కొట్టే పోరు) కొత్తగా వచ్చినవాళ్లు "తప్పనిసరి యాడాన్‌లు" (ఆటకు జత చేసుకునే చిన్న ప్రోగ్రాములు) అన్న పట్టీ ఎక్కడ కనిపించినా మొత్తం దించేసుకుంటారు. అరవై యాడాన్‌లు ఎక్కుతాయి, లాగిన్ కావడానికే నిమిషం పడుతుంది, స్క్రీన్ నిండా బార్లు, మధ్యలో తన క్యారెక్టర్ ఎక్కడుందో తనకే కనబడదు. ఇంత చేసినా మొదటి బాస్ దగ్గరే కింద పడతారు. "ఏ యాడాన్ మంచిది" అని అడిగితే ఎవరి ముచ్చట వాళ్లు చెప్తారు. "పోయిన రైడ్‌లో నేను దేనివల్ల చచ్చిన" అని అడిగితే మాత్రం జవాబు ఒక్కటే వస్తుంది, ఆ జవాబే ఏ యాడాన్ కావాలో చెప్తుంది. నిప్పులో నిలబడి చచ్చారా, హీల్ (ప్రాణం నింపే స్పెల్) ఆలస్యమైందా, ట్యాంక్‌ను (బాస్ దెబ్బలు తానే కాచుకునే ఆటగాడు) దాటి అగ్రో (బాస్ దృష్టి) లాక్కున్నారా? మూడింటికీ మూడు వేర్వేరు మందులు.

రైడ్‌లో యాడాన్‌తో పడే పనులు నిజానికి నాలుగే. బాస్ ఎప్పుడు ఏం చేస్తాడో ముందే చెప్పడం, రైడ్‌లో ఎవరి పరిస్థితి ఏంటో చూపడం, ఎవరు ఎంత చేశారో ఎందుకు చచ్చారో లెక్క రాయడం, లీడర్‌కు నోట్లు, లూట్ (బాస్ దగ్గర దొరికే వస్తువులు) పంపకం. మిగిలినవన్నీ సోకు.

ముందు ఏ వెర్షన్ ఆడుతున్నారో తేల్చుకోండి

దీన్ని దాటేసి మిగతాది చదివితే లాభం లేదు. రిటైల్‌లో, అంటే ఇప్పటి తాజా ఆటలో, 12.0 ప్యాచ్, అంటే మిడ్‌నైట్ విస్తరణ నుంచి నియమాలు మారిపోయాయి. పోరు నడుస్తున్నంతసేపు యాడాన్‌లకు అందే సమాచారాన్ని బ్లిజార్డ్ కట్టడి చేసింది. ఒక విలువను యాడాన్ తెర మీద చూపించగలదు గానీ, దాన్ని చదివి "ఇది ఇంతకంటే తక్కువుంటే ఫలానా పని చెయ్యి" అని లెక్క కట్టలేదు. అందుకే సొంత హెచ్చరికలు అల్లుకునే యాడాన్ వీక్‌ఆరాస్ తయారుచేసేవాళ్లు రిటైల్‌కు ఇక తేవడం లేదని ప్రకటించారు. బదులుగా బాస్ టైమ్‌లైన్, డ్యామేజ్ మీటర్, కూల్‌డౌన్ (ఒక స్పెల్ మళ్లీ వాడేందుకు ఆగాల్సిన సమయం) మేనేజర్ ఆటలోనే వచ్చాయి. బాస్ హెచ్చరికలు ఇచ్చే డీబీఎం (డెడ్లీ బాస్ మాడ్స్), బిగ్‌విగ్స్ కూడా ఇప్పుడు రిటైల్‌లో బ్లిజార్డ్ ఇచ్చే టైమ్‌లైన్ మీదే ఆధారపడి నడుస్తాయి. కాబట్టి రిటైల్ ఆడేవాళ్లు 2024, 2025 నాటి గైడ్‌లు చూసి యాడాన్‌లు ఎంచుకుంటే సగం పనే చెయ్యవు, మిగతా సగం ఎర్రర్లు చూపిస్తాయి.

పాత రోజుల ఆటను మళ్లీ తెచ్చిన క్లాసిక్ వెర్షన్లలో మాత్రం యాడాన్‌ల మధ్య పోలికకు ఇంకా పూర్తి అర్థం ఉంది. కింద రాసిందాంట్లో ఎక్కువ భాగం క్లాసిక్‌ను దృష్టిలో పెట్టుకున్నదే. రిటైల్‌కు తేడా ఉన్నచోట విడిగా చెప్తాం.

బాస్ హెచ్చరికలు: డీబీఎమ్మా, బిగ్‌విగ్సా

రెండూ ఒకే పని చేస్తాయి. రెండూ ఉచితం, రెండూ నమ్మదగినవి. రెండింటినీ ఒకేసారి ఆన్‌లో ఉంచడం మాత్రం శుద్ధ దండగ. ఒక్కో హెచ్చరిక రెండుసార్లు మోగుతుంది, బార్లు రెండు వరుసలవుతాయి, ఏది చూడాలో తెలియక ఆగమాగమవుతారు. రైడ్‌లో సగం మంది దగ్గర ఒకటి, మిగతా సగం దగ్గర రెండోది ఉన్నా ఇబ్బంది లేదు. లీడర్ పెట్టే పుల్ (పోరు మొదలుపెట్టడం) టైమర్ రెండింటిలోనూ కనిపిస్తుంది. "మా గిల్డ్‌ల అందరు డీబీఎం వాడ్తరు, నేను గూడ అదే వెయ్యాల్నా" అన్న లొల్లి అక్కర్లేదు.

తేడా అంతా మొదటిరోజు కనిపించే తీరులో ఉంది. డీబీఎం వేసుకోగానే మాట్లాడటం మొదలుపెడుతుంది. పెద్ద అక్షరాలు, స్క్రీన్ మెరుపులు, శబ్దాలు, అన్నీ ముందే ఆన్‌లో ఉంటాయి. సెట్టింగుల్లోకి పోయే ఓపిక లేనివాళ్లకు ఇదే నయం. బిగ్‌విగ్స్ పొదుపుగా మాట్లాడుతుంది. బార్లు ఒక పక్కన చిన్నగా ఉంటాయి, సమయం దగ్గరపడ్డప్పుడు అదే బార్ పెద్దదై వేరే చోటుకు వస్తుంది. ఏ బాస్ ఏ దెబ్బకు ఎలాంటి హెచ్చరిక కావాలో ఒక్కొక్కటిగా మార్చుకోవడం అందులో శుభ్రంగా ఉంటుంది. చిన్న డంజన్లకు దాని జత లిటిల్‌విగ్స్‌ను విడిగా వేసుకోవాలి. పాత విస్తరణల రైడ్‌లకు రెండింటిలోనూ విడి ప్యాకులు ఉంటాయి. "యాడాన్ ఉంది గానీ ఈ బాస్‌కు ఏం చూపిస్తలేదు" అన్న ఫిర్యాదులో చాలాసార్లు అసలు సంగతి ఆ ప్యాక్ వేసుకోకపోవడమే.

ఏది వేసుకున్నా, ముందే వచ్చిన సెట్టింగులతో వదిలేస్తే సగమే లాభం. మోల్టెన్ కోర్ అనే రైడ్‌లో బేరన్ గెడాన్ అనే బాస్‌ను తీసుకోండి. అతను చేసే పనుల్లో చూడాల్సినవి మూడు. లివింగ్ బాంబ్ ఒకరి మీద పడుతుంది, 8 సెకన్లకు పేలుతుంది, చుట్టూ ఉన్నవాళ్లను కాలుస్తుంది. ఇన్‌ఫెర్నో మొదలైతే దగ్గరగా నిలబడి కొట్టేవాళ్లంతా వెనక్కి ఉరకాలి. ఇగ్నైట్ మానా (స్పెల్ శక్తిని కాల్చేది) పడితే ప్రీస్ట్, పాలడిన్ క్లాసులవాళ్లు తియ్యాలి. ఇప్పుడు ఒక్కొక్కరి స్క్రీన్ మీద ఏం ఉండాలి? బాంబు "నా మీద" పడితే పెద్ద అక్షరం, మెరుపు, శబ్దం మూడూ కావాలి. అదే బాంబు వేరేవాళ్ల మీద పడితే చిన్న వరుస చాలు. దూరం నుంచి కొట్టే మేజ్‌కు, హంటర్‌కు ఇన్‌ఫెర్నో బార్ అక్కర్లేదు, దగ్గరగా కొట్టే రోగ్‌కు, వారియర్‌కు అది ప్రాణం. ఇగ్నైట్ మానా హెచ్చరిక తియ్యగలిగినవాళ్లకు తప్ప ఎవరికీ వద్దు. ఇట్లా ప్రతి బాస్‌కు అయిదారు టిక్కులు తీసేస్తే, మిగిలిన రెండు హెచ్చరికలకు చెవి నిలుస్తుంది. వాయిస్‌లో "అన్నా, బాంబు నా మీదున్నది" అని తమ్ముడు అరిచేలోపే నాలుగు సెకన్లు పోతాయి. "ఉరుకు తమ్మీ, గోడ దిక్కు ఉరుకు" అని అన్న చెప్పేసరికి పేలుతుంది. హెచ్చరిక వచ్చాక వాయిస్ కోసం ఎదురుచూడొద్దు, కాళ్లు కదపాలి.

బాంబు పడ్డవాళ్ల తల మీద గుర్తు పెట్టడం కూడా యాడాన్ చేస్తుంది. అయితే ఆ పని లీడర్‌కో, అసిస్టెంట్‌కో మాత్రమే సాధ్యం. ఇద్దరు ముగ్గురు అసిస్టెంట్లు గుర్తుల ఆప్షన్ ఆన్‌లో ఉంచితే ఒకరి గుర్తును ఒకరు చెరిపేస్తారు. ఒక్కరే ఉంచుకోవాలి.

మనవైపు ఆడేవాళ్లకు శబ్దం సంగతి కూడా ఆలోచించాల్సిందే. యూరప్ సర్వర్లలో రాత్రి 8 గంటల రైడ్ అంటే చలికాలంలో మనకు అర్ధరాత్రి 12:30, వాళ్ల ఎండాకాలం టైములో 11:30. హన్మకొండలోనో, కరీంనగర్‌లోనో ఇంట్లో అందరూ పడుకున్నాక మొదలవుతుంది. హెడ్‌సెట్ తప్పదు. ఓషియానిక్ సర్వర్లయితే సిడ్నీ రాత్రి 8 మనకు మధ్యాహ్నం 3:30 లేదా 2:30, కాలేజీ, డ్యూటీ ఉన్నవాళ్లకు ఆదివారం తప్ప కుదరదు. హెడ్‌సెట్‌లో వాయిస్, ఆట శబ్దాలు, హెచ్చరికలు మూడూ కలిసిపోకుండా ఆటలో సంగీతం, పరిసర శబ్దాలు సున్నా చేసి, యాడాన్ శబ్దాలను మాస్టర్ ఛానెల్‌కు మార్చండి. అప్పుడు మిగతావి తగ్గించినా హెచ్చరిక తగ్గదు.

మా సలహా సూటిగా: మొదటిసారి రైడ్ చేస్తుంటే డీబీఎం. ప్రతి బాస్ సెట్టింగులు కూర్చుని సవరించుకునే రకమైతే బిగ్‌విగ్స్. రిటైల్‌లో అయితే ముందు ఆటలోని బాస్ టైమ్‌లైన్‌తో ఒక రైడ్ చేసి చూడండి, తక్కువ పడితేనే పైన ఒకటి వేసుకోండి.

హీలర్లకు రైడ్ ఫ్రేములు

డీపీఎస్ (దెబ్బలు కొట్టడమే పనిగా ఉన్న) ఆటగాడు ఆటతో వచ్చిన ఫ్రేములతో (రైడ్‌లో ఒక్కొక్కరి ప్రాణం చూపే పెట్టెలు) హాయిగా బతికేస్తాడు. హీలర్‌కు అట్లా కాదు. రైడ్ అంతసేపూ అతని కళ్లు ఆ పెట్టెల మీదే ఉంటాయి. ఇక్కడ పోటీ ప్రధానంగా నాలుగింటి మధ్య: హీల్‌బాట్, వూడూ, గ్రిడ్ 2, సెల్.

హీల్‌బాట్ వేసుకున్న పావుగంటలో పని మొదలుపెట్టొచ్చు. ఎడమ క్లిక్‌కు ఒక హీల్, కుడి క్లిక్‌కు ఒకటి, షిఫ్ట్‌తో ఇంకొకటి అని అందులోనే పెట్టుకోవచ్చు. రూపం కాస్త పాతకాలంగా ఉంటుంది, అదేం పెద్ద సంగతి కాదు.

వూడూలో కూడా క్లిక్‌తో హీల్ లోపలే ఉంటుంది. మీరు వేసిన హాట్‌లు (కొంతసేపు కొద్దికొద్దిగా నింపే హీల్స్) ప్రతి పెట్టె మూలలో ఎన్ని సెకన్లు మిగిలాయో చూపించడంలో ఇది మహా పనిమంతురాలు. డ్రూయిడ్‌లు దీన్ని ఊకె వదలరు. రైడ్ సైజును బట్టి ప్రొఫైల్ తనంతట తానే మార్చుకుంటుంది. కష్టమంతా సెట్టింగుల్లో ఉంది. ఒక రంగు మార్చాలంటే మూడు మెనూలు తిరగాలి. సమయం పెట్టగలిగితేనే దీని జోలికి పోవాలి.

గ్రిడ్ 2 చిన్న చిన్న గడులు. నలభై మంది రైడ్‌లో ఎనిమిది గ్రూపులూ కొద్ది చోటులో పడతాయి. 1366×768 స్క్రీన్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఇదొక్కటే నలభై మందినీ ఇరుకు లేకుండా చూపిస్తుంది. అయితే గ్రిడ్ 2 చూపించడం వరకే. క్లిక్‌తో హీల్ కావాలంటే క్లీక్ (Clique) అనే మరో యాడాన్ జత చెయ్యాలి, లేదా మౌస్ ఎవరి మీదుంటే వాళ్లకు స్పెల్ వేసే మౌస్‌ఓవర్ మాక్రోలు రాసుకోవాలి. సెల్ వీటికంటే కొత్తది. క్లిక్ హీలింగ్, రైడ్ డీబఫ్‌ల (శత్రువు మన మీద వేసే చెడు ప్రభావాలు) పట్టీ, గ్రూపు సైజుకు తగ్గ అమరిక మూడూ ఉన్నాయి, సెట్టింగుల పేజీ అర్థమయ్యేలా ఉంది. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టే హీలర్‌కు మేము ముందు చెప్పేది ఇదే. ఏళ్లుగా వూడూ మీద చెయ్యి తిరిగినవాళ్లు మాత్రం మారడంలో అర్థం లేదు, వేళ్లకు అలవాటైన క్లిక్కులు మార్చుకోవడానికి పట్టే కాలం నష్టమే.

ఏది వేసుకున్నా, ఒక్కో పెట్టెలో ఉంచాల్సినవి ఇవి: తగ్గిన ఆరోగ్యం, వస్తున్న హీల్, మీ సొంత హాట్‌లు, దూరం దాటితే పెట్టె మసకబారడం, అగ్రో ఉంటే ఎర్ర అంచు, మధ్యలో బాస్ వేసే డీబఫ్, ఇంకా మీరు తియ్యగలిగిన డీబఫ్. ఈ చివరిదాంట్లోనే అందరూ తప్పటడుగు వేస్తారు. "డీబఫ్‌లన్నీ చూపించు" అని పెడితే పెట్టె బొమ్మలతో నిండిపోతుంది. మోల్టెన్ కోర్ మొదటి బాస్ లూసిఫ్రాన్ దీనికి మంచి పరీక్ష. అతను రైడ్ మీద రెండు వేస్తాడు. ఇంపెండింగ్ డూమ్ మ్యాజిక్ రకం, 10 సెకన్లలో తియ్యకపోతే 2,000 దెబ్బ. లూసిఫ్రాన్స్ కర్స్ శాపం రకం, స్పెల్ ఖర్చు రెట్టింపు చేస్తుంది. ప్రీస్ట్ శాపం తియ్యలేడు, మేజ్ డూమ్ తియ్యలేడు. కాబట్టి ప్రీస్ట్ పెట్టెల్లో మ్యాజిక్ మాత్రమే నీలం రంగులో వెలగాలి, మేజ్ పెట్టెల్లో శాపం మాత్రమే ఊదా రంగులో వెలగాలి. డ్రూయిడ్‌కు కూడా శాపమే. క్లాసిక్ ఎరాలో షామన్‌కు ఈ రెండూ రావు, అతని స్క్రీన్ మీద అవి వెలిగితే కంటికి ఉత్త పరేషాన్. హీలర్ కాని మేజ్‌లకు డీకర్సివ్ అనే చిన్న యాడాన్ ఉంది. తియ్యాల్సినవాళ్ల చిన్న గడి వెలుగుతుంది, దాని మీద క్లిక్ చేస్తే చాలు. ఒక్క శాపం కోసం పెద్ద ఫ్రేముల యాడాన్ వేసుకోవాల్సిన పని లేదు.

పోరు నడుస్తుండగా ఫ్రేములను జరపడం, క్లిక్ బైండింగులు మార్చడం కుదరదు. ఆటే ఆపేస్తుంది. మధ్యలో రైడ్‌లోకి కొత్తవాళ్లు వస్తే వాళ్ల పెట్టె పోరు అయిపోయాక గానీ సరిగ్గా కూర్చోకపోవచ్చు. పుల్‌కు ముందే అందరూ లోపల ఉండాలని లీడర్ పట్టుపట్టడానికి ఇదీ ఒక కారణం. ఫ్రేములను క్యారెక్టర్‌కు కాస్త కింద, స్క్రీన్ మధ్యకు దగ్గరగా పెట్టుకోండి. మూలకు తోస్తే కళ్లు మూలలోనే ఉండి కాళ్ల కింద నిప్పు కనబడదు. రైడ్‌లో హీలర్లు అట్లనే ఎక్కువ పడిపోతారు. రిటైల్‌లో క్లిక్ కాస్టింగ్ ఆటలోనే ఉంది, ఎడిట్ మోడ్‌లో ఫ్రేముల సైజు మార్చుకోవచ్చు, ముందు వాటితో చూడండి.

ట్యాంకులు, అగ్రో

క్లాసిక్‌లో థ్రెట్ (బాస్‌కు ఎవరి మీద ఎంత కోపముందో చెప్పే అంకె) లెక్క తెలియకుండా రైడ్ నడవదు. దగ్గరగా కొట్టేవాళ్లు ట్యాంక్ థ్రెట్‌లో 110 శాతం దాటితే, దూరం నుంచి కొట్టేవాళ్లు 130 శాతం దాటితే బాస్ వాళ్ల మీదికి తిరుగుతాడు. దీన్ని చూపించే చిన్న కిటికీ ప్రతి డీపీఎస్ దగ్గర ఉండాలి, థ్రెట్‌క్లాసిక్ 2 చాలు. డీటెయిల్స్ వాడేవాళ్లకు అందులోనే థ్రెట్ ప్లగిన్ ఉంది, ఇంకొకటి అక్కర్లేదు. 90 శాతం దగ్గర శబ్దం వచ్చేలా పెట్టుకుంటే కళ్లు అటు తిప్పాల్సిన పని ఉండదు.

ట్యాంకుకు నేమ్‌ప్లేట్లు (శత్రువుల తల మీద కనిపించే పేరు పట్టీలు) ముఖ్యం. ప్లేటర్, థ్రెట్ ప్లేట్స్ రెండింటిలోనూ మీ చేతిలో ఉన్న శత్రువుకు ఒక రంగు, జారిపోయినదానికి ఇంకో రంగు వస్తాయి. ప్లేటర్‌లో అవకాశాలు ఎక్కువ, బరువూ ఎక్కువే. ఒక్క బాస్‌నే పట్టే ట్యాంక్ కంటే, గుంపులు పట్టే ట్యాంక్‌కు దీని విలువ తెలుస్తుంది.

వీక్‌ఆరాస్: ఎంతవరకు

క్లాసిక్‌లో వీక్‌ఆరాస్‌తో చెయ్యలేనిది దాదాపు లేదు. అదే దాని చిక్కు. ఎవరో రాసిన పెద్ద ప్యాక్‌లు దించుకుని, తమకు అక్కర్లేని 200 ఆరాలు (అందులో చేసిన ఒక్కో హెచ్చరిక ఒక ఆరా) నడుపుతుంటారు. ప్రతి ఆరా వెనుక కోడ్ ఉంటుంది, పోరులో ప్రతి క్షణం అది లెక్కలు కడుతుంటుంది. ఎఫ్‌పీఎస్ పడిపోయేది అక్కడే. యాడాన్ జాబితాలో కనిపించే మెమరీ అంకె చూసి భయపడతారు గానీ, మెమరీ కన్నా ప్రాసెసర్ మీద పడే భారమే అసలు సమస్య. 50 ఎంబీ పట్టే యాడాన్ ఊరికే కూర్చుంటే ఏం కాదు. 2 ఎంబీ పట్టేది ప్రతి ఫ్రేమ్‌లో నలభై మందిని లెక్కబెడితే ఆట తడబడుతుంది. మే నెలలో ఓరుగల్లు ఎండకు ల్యాప్‌టాప్ అసలే వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది, ఆ మీద ఇది తోడైతే పుల్ మొదలైన పది సెకన్లకే బొమ్మలు ఆగి ఆగి కదులుతాయి.

కాబట్టి మీ క్లాస్‌కు అయిదారు సొంత ఆరాలు చేసుకోండి: ప్రధాన కూల్‌డౌన్‌లు, ప్రాక్ (అప్పుడప్పుడు దానంతటదే వచ్చే బలం), మీరు వేసిన డాట్ (కొద్దికొద్దిగా కొట్టే స్పెల్) మిగిలిన సమయం. ఇంత చిన్న పనికి టెల్‌మీవెన్ కూడా సరిపోతుంది, కోడ్ జోలికి పోకుండానే గడులు పేర్చుకోవచ్చు. తెలియనివాళ్లు పంపిన ఇంపోర్ట్ స్ట్రింగ్‌లో కస్టమ్ కోడ్ ఉంటే తెరిచి చూడనిదే దించుకోకండి. చాట్‌లో "ఇది టైప్ చెయ్యి, మౌంట్ వస్తది" అని రన్ అనే కమాండ్‌తో మొదలయ్యే వరుస ఎవరైనా ఇస్తే అసలే టైప్ చెయ్యొద్దు. దాంతో మీ ఆటను వాళ్ల చేతిలో పెట్టినట్టే. తెలియక బంగారం పోగొట్టుకున్నవాళ్లున్నారు.

యూరప్ సర్వర్‌కు మన దగ్గర నుంచి పింగ్ సుమారు 150 మిల్లీసెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. దీనికి యాడాన్‌తో వైద్యం లేదు. ఒక స్పెల్ ముగియడానికి ఎంత ముందు తర్వాతిది నొక్కితే ఆట తీసుకుంటుందో చెప్పే స్పెల్ క్యూ విండో అనే ఆట సెట్టింగ్ మొదట్లో 400 మిల్లీసెకన్లు ఉంటుంది. దగ్గరి సర్వర్ల ఆటగాళ్లు దాన్ని 100, 150కి తగ్గించమంటారు. మన పింగ్‌కు ఆ సలహా చేటు. పింగ్‌కు ఇంకో వంద కలిపి, అంటే 250 కంటే కిందికి దించకండి. క్వార్ట్జ్ అనే కాస్ట్‌బార్ యాడాన్ బార్ చివర ఎర్ర ముక్కగా ఆలస్యాన్ని చూపిస్తుంది. క్యాస్టర్‌కు అది చూసుకుంటే తర్వాతి స్పెల్ ఎప్పుడు నొక్కాలో అంచనా కుదురుతుంది.

మీటర్లు, లాగ్‌లు

ఎవరు ఎంత చేశారో లెక్కగట్టే మీటర్లలో పోటీ డీటెయిల్స్ వర్సెస్ స్కాడా. యంత్రం బాగుంటే డీటెయిల్స్, పాత ల్యాప్‌టాప్‌కు స్కాడా. రికౌంట్‌ను ఇప్పుడు ఎంచుకోవడానికి కారణం కనబడదు. డీటెయిల్స్‌లో పనికొచ్చేది పై వరుసలో ఎవరున్నారన్నది కాదు, డెత్ లాగ్. చచ్చినవాడి పేరు మీద క్లిక్ చేస్తే చివరి సెకన్లలో తగిలిన దెబ్బలు, అందిన హీల్స్ వరుసగా కనిపిస్తాయి. ఒక్కసారిగా పెద్ద దెబ్బ తగిలి పోయాడా, నాలుగు సెకన్లు నిప్పులో ఉండి పోయాడా అన్నది అక్కడ తేలుతుంది. వాదన ఖతం. బరువు తగ్గించాలంటే దాచే సెగ్మెంట్ల (ఒక్కో పోరు లెక్క) సంఖ్య తగ్గించి, కిటికీలు ఒకటి లేదా రెండే ఉంచండి.

రైడ్ లెక్కలను విడమరిచి చూపే సైట్ వార్‌క్రాఫ్ట్ లాగ్స్‌కు యాడాన్ అక్కర్లేదు. సిస్టమ్ సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ కాంబాట్ లాగింగ్ ఆన్ చేసి, చాట్‌లో కాంబాట్‌లాగ్ కమాండ్ ఇస్తే లాగ్స్ ఫోల్డర్‌లో ఫైల్ తయారవుతుంది. రైడ్‌లో ఒక్కరు చేస్తే అందరికీ సరిపోతుంది. ఆ ఫైల్ త్వరగా ఉబ్బుతుంది, పాతవి తీసెయ్యకపోతే డిస్క్ నిండుతుంది.

లీడర్లకు

మెథడ్ రైడ్ టూల్స్ లీడర్‌కు, అసిస్టెంట్లకు కావాలి. ఎవరు ఏ సమయానికి ఏ కూల్‌డౌన్ వాడాలో నోటు రాసి పంపితే అందరి తెర మీద కనిపిస్తుంది, కాకపోతే చూడాలంటే వాళ్ల దగ్గరా ఆ యాడాన్ ఉండాలి. పుల్‌కు ముందు ఎవరు ఫ్లాస్క్ తాగలేదో, ఎవరు తిండి తినలేదో కూడా చూపిస్తుంది. లూట్‌కు క్లాసిక్‌లో గర్గుల్ ఉంది, అందులోకి సాఫ్ట్ రిజర్వులు (ఎవరికి ఏ వస్తువు కావాలో ముందే రాసిన జాబితా) దించుకోవచ్చు. లూట్ ఎవరికివ్వాలో కొందరు కూర్చుని తేల్చే కౌన్సిల్ పద్ధతి నడిపే గిల్డ్ (ఆటగాళ్ల సంఘం) అయితే ఆర్‌సీ లూట్ కౌన్సిల్. మామూలు సభ్యులు లీడర్ ఏది చెప్తే అది వేసుకుంటే చాలు.

ఎల్వ్‌యూఐ గురించి ఒక్క మాట. మొత్తం ఇంటర్‌ఫేస్‌ను మార్చేస్తుంది, చూడ్డానికి మస్తుగా ఉంటుంది. కానీ ఏదైనా చెడితే ఎక్కడ చెడిందో పట్టుకోవడం కష్టం, ప్యాచ్ రోజున అది అప్‌డేట్ కాకపోతే మీ స్క్రీన్ అంతా పోయినట్టే. రైడ్ కోసమే అయితే విడి ముక్కలే మేలు. బార్లకు బార్టెండర్ 4 లేదా డామినోస్, ఫ్రేములకు పైవాటిలో ఒకటి.

దించడం, పాడవడం, బాగుచెయ్యడం

మేనేజర్‌గా కర్స్‌ఫోర్జ్ యాప్ అయినా, వౌఅప్ అయినా పని ఒకటే. కర్స్‌ఫోర్జ్ బరువు, వౌఅప్ తేలిక. 8 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో ఆట నడుస్తున్నప్పుడు ఏదైనా సరే పూర్తిగా మూసెయ్యండి. మొబైల్ హాట్‌స్పాట్ మీద ఆడేవాళ్లు రైడ్‌కు అయిదు నిమిషాల ముందు అప్‌డేట్ నొక్కొద్దు, పొద్దున్నే చేసి పెట్టుకోండి.

చేత్తో దించుకుంటే జరిగే పొరపాట్లు దాదాపు ఎప్పుడూ ఇవే. జిప్ విప్పితే ఫోల్డర్‌లో ఫోల్డర్ వస్తుంది, దాన్ని అట్లాగే యాడాన్స్ ఫోల్డర్‌లో పడేస్తారు, ఆటకు కనబడదు. గిట్‌హబ్ నుంచి తీసుకుంటే ఫోల్డర్ పేరు చివర "మెయిన్" అని తోక ఉంటుంది. లోపలి టీఓసీ ఫైల్ పేరు, ఫోల్డర్ పేరు ఒకటే ఉండాలి కాబట్టి ఆ తోక తీసెయ్యాలి. రిటైల్‌కు, క్లాసిక్‌కు వేర్వేరు ఫోల్డర్లు. ఒకదాంట్లో వేసి రెండోదాంట్లో వెతికితే దొరకదు. ప్యాచ్ వచ్చాక "అవుట్ ఆఫ్ డేట్" అని వస్తే, యాడాన్ జాబితా పైన పాతవాటినీ నడిపే టిక్ ఉంటుంది. చిన్న ప్యాచ్‌లకు అది పనిచేస్తుంది, పెద్దవాటికి ఎర్రర్లు తెస్తుంది.

ఎర్రర్లు వస్తే బగ్‌గ్రాబర్, బగ్‌శాక్ జంట వేసుకోండి, ఏ యాడాన్ ఏ వరుసలో తప్పిందో పేరుతో సహా చెప్తాయి. అవి లేకపోతే సగం పద్ధతి: యాడాన్‌లలో సగం ఆపి రీలోడ్ (ఆట తెరను, యాడాన్‌లను మళ్లీ ఎక్కించడం) చెయ్యండి. సమస్య పోతే ఆపిన సగంలో ఉన్నట్టు, పోకపోతే నడుస్తున్న సగంలో ఉన్నట్టు. నలభై యాడాన్‌లున్నా అయిదారుసార్లలో దొంగ దొరుకుతాడు. ఆపేటప్పుడు ఒకదాని మీద ఆధారపడ్డవి కూడా దానితోపాటే ఆపాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.

మన ఊళ్లలో దీనికంటే ఎక్కువగా దెబ్బతీసేది కరెంటు. యాడాన్ సెట్టింగులు డిస్క్ మీద రాయబడేది లాగౌట్ అయినప్పుడు, లేదా రీలోడ్ కొట్టినప్పుడు మాత్రమే. రెండు గంటలు కూర్చుని వూడూ సవరించుకుని, రీలోడ్ కొట్టకుండా రైడ్‌కు పోయి, మధ్యలో కరెంటు పోతే ఆ రెండు గంటలూ పోయినట్టే. సరిగ్గా ఫైల్ రాస్తున్నప్పుడే ఆగిపోతే ఫైలే చెడిపోతుంది, యాడాన్ మొదటిరోజు రూపంలోకి వచ్చేస్తుంది. ఇన్వర్టర్ ఉన్నా మారే క్షణంలో డెస్క్‌టాప్ ఆరిపోవచ్చు, చిన్న యూపీఎస్ ఉంటే ఆ క్షణం దాటుతుంది. సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ చాట్‌లో రీలోడ్ కమాండ్ కొట్టడం అలవాటు చేసుకోండి.

ఆట మూసి ఉన్నప్పుడు డబ్ల్యూటీఎఫ్ అనే ఫోల్డర్‌ను నెలకోసారి కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లోనో, ఇంకో డిస్క్‌లోనో పెట్టుకోండి. సెట్టింగులన్నీ ఉండేది అందులోనే. యాడాన్‌లు మళ్లీ దించుకోవచ్చు, ఈ ఫోల్డర్ ఎక్కడా దొరకదు. ఏదైనా పాడైతే మొత్తం కాకుండా, దాని లోపల సేవ్డ్ వేరియబుల్స్‌లో ఆ యాడాన్ పేరున్న ఫైల్ ఒక్కటే కాపీ నుంచి తెచ్చి పెట్టండి, అది కూడా ఆట మూసి ఉన్నప్పుడే. నడుస్తుండగా పెడితే లాగౌట్ సమయంలో ఆట దాని మీద పాతదే మళ్లీ రాసేస్తుంది.